మబ్బుపట్టు కార్ఖానా తనిఖీ

తమ్మిపురం రాజ్యంలో ఉత్తరాన మేఘగిరి అని ఒక కొండ ఉంది. దాని అందమంతా చెప్పాలంటే నాకు ఒక పూట పడుతుంది, మీకు అంత ఓపిక లేదని నాకు తెలుసు, కనుక కుదించి చెబుతాను. పాదాల దగ్గర సంపెంగ వనాలు, నడుమున నీలాల కొలనులు, భుజాల మీద వెయ్యేళ్ళనాటి దేవదారు చెట్లు, శిఖరాన పాలమీగడలాంటి తెల్లని మబ్బులు. ఉదయపు ఎండ పడితే ఆ మబ్బులు కాసేపు పగడపు రంగు, కాసేపు పసుపు, కాసేపు చిలకపచ్చ. గంధర్వులు విమానాలు ఆపి మరీ చూసేవారట. నేను చూడలేదు, విన్నదే చెబుతున్నాను.

ఆ మబ్బుల్ని వలలు వేసి పట్టి, దూదిలా ఏకించి, దారం తీయించి, మగ్గాల మీద చీరలు నేయించేవాడు వజ్రదంతుడనే మాంత్రికుడు. ఆ చీర పేరే మబ్బుపట్టు. నడి వేసవిలో కట్టుకున్నా ఒళ్ళు చల్లగా ఉంటుంది, మడిచిపెడితే గుప్పిట్లో ఇమిడిపోతుంది. ఏడు రాజ్యాల రాణులు దానికోసం పడిచచ్చేవాళ్ళు. ఇప్పుడు ముత్యాలదీవి రాణి తన కూతురి పెళ్ళికి నూరు చీరలు కావాలని కబురుపెట్టింది. మగ్గాల మీద ఉన్నవి ఆ చీరలే.

తమ్మిపురంలో పనివాళ్ళకో చట్టం ఉంది. ఏ కార్ఖానాలోనైనా పన్నెండు మందికి మించి పనిచేస్తుంటే వాళ్ళకు మధ్యాహ్నం విశ్రాంతి ఇవ్వాలి, తలమీద నీడ ఉండాలి, మానేసి పోతానన్నవాణ్ణి పోనివ్వాలి. పన్నెండు, అంతకు లోపైతే ఇవేవీ అక్కర్లేదు. చట్టం రాసిన మంత్రిగారు మంచివాడే. కాని పాపం, రాజ్యంలో వ్యాపారులందరికీ సరిగ్గా పన్నెండు దాకా లెక్కపెట్టడం నేర్పించి పెట్టాడు. ఆ తరువాత ఏ కార్ఖానాకు వెళ్ళి చూసినా పనివాళ్ళు పన్నెండు మందే.

మేఘగిరి మీదా అంతే. కింద ఊళ్ళ నుంచి నేతగాళ్ళు పనికని కొండెక్కుతారు, ఒక్కడూ దిగి రాడు. ఏటా తనిఖీదారులు పల్లకీ ఎక్కి వెళతారు, పన్నెండు మందిని చూస్తారు, పీకలదాకా భోంచేస్తారు, "అంతా సవ్యం" అని రాసి దిగివస్తారు. చివరికి రాజుగారికి విసుగొచ్చింది. తనిఖీదారులందర్నీ పక్కనబెట్టి తిప్పన అనే పగటివేషగాణ్ణి పిలిచి రాజముద్ర చేతికిచ్చాడు. ఆ ముద్ర మామూలుది కాదు. అది చేతిలో ఉన్నవాళ్ళ మీద ఏ మంత్రమూ పారదు. చట్టంలో ఉన్న కారణం ఒకటి చెప్పి దాన్ని ఆనిస్తే, రాజ్యంలో ఏ తలుపైనా తెరుచుకోవాల్సిందే.

తిప్పన బయలుదేరుతుంటే నెమలిపల్లెలో చెంగల్వ అనే నేతగత్తె దారికి అడ్డం నిలబడింది. ఆమె మొగుడు సూరన కార్తీకంలో కొండెక్కాడు, ఇప్పుడు వైశాఖం.

"నన్నూ తీసుకుపో తిప్పనన్నా. తీసుకుపోకపోతే నీ వేషం సంగతి సంతలో నిలబడి అరుస్తాను."

"ఆడదానివి, అంత కొండ..."

"ఆడదాన్ని కాబట్టే అరుపు బాగా వినబడుతుంది" అంది చెంగల్వ.

అలా ఇద్దరూ మేఘగిరి ఎక్కారు. తిప్పన పొట్టకు పెద్ద దిండు కట్టి, పట్టుపంచె చుట్టి, మెడలో హారాలు వేసుకుని, అచ్చం పాత తనిఖీదారుల్లా ఆయాసపడుతూ నడిచాడు. చెంగల్వ తలపాగా చుట్టి, మేక వెంట్రుకల మీసం అంటించుకుని, గొడుగు పట్టుకునే బంట్రోతు అయింది. తిప్పన చేసిన తెలివితక్కువ పని ఒక్కటే. వేషగాళ్ళకు అసలు సొమ్ము వేషం లోపల దాచుకోవడం అలవాటు కదా, ఆ అలవాటు కొద్దీ రాజముద్రను తీసుకెళ్ళి దిండులో కుట్టేశాడు.

వజ్రదంతుడు గుమ్మందాకా ఎదురొచ్చాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు, నవ్వితే ముప్పైరెండు పళ్ళూ తళుక్కుమంటాయి. చేతిలో వెండి నాడె. మగ్గం మీద నేతగాడు అటూ ఇటూ విసిరే నాడె లాంటిదే, కాని వాడు దాంతో నేసేది బట్ట కాదు.

"దయచేయండి తనిఖీదారుగారూ! ముందు భోజనమా, ముందు పనివాళ్ళా?"

"ముందు పనివాళ్ళను చూస్తే ఆకలి బాగా వేస్తుందయ్యా" అన్నాడు తిప్పన పొట్ట నిమురుకుంటూ.

లోపల మగ్గాలశాల చూసి ఇద్దరికీ కళ్ళు తిరిగాయి. చందనపు స్తంభాలు, పైకప్పు నిండా వేలాడే మబ్బుదారపు చిలపలు, వరుసలు వరుసలుగా యాభై రెండు మగ్గాలు, ప్రతి మగ్గం మీదా సగం నేసిన చీర. చీర చీరలోనూ ఎగిరే హంసలు, మెరిసే మెరుపులు. కాని మగ్గాల దగ్గర కూర్చున్నది పన్నెండుమందే. తలలు దువ్వించుకుని, మెళ్ళో పూలదండలు వేయించుకుని, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టున్నారు.

తిప్పన ఒక ముసలి నేతగత్తె ముందు ఆగాడు. "ఏం అవ్వా, మధ్యాహ్నం విశ్రాంతి ఉంటుందా?"

"మాకేం లోటు లేదు."

"నీ పేరేమిటి?"

"మాకేం లోటు లేదు."

"నీ పేరే మాకేంలోటులేదా?"

ముసలామె వజ్రదంతుడి వైపు బిక్కుబిక్కుమంటూ చూసింది. "అంకాలమ్మ" అని మాంత్రికుడే అందించాడు. "సిగ్గెక్కువ."

"మగ్గాలు యాభై రెండు, మనుషులు పన్నెండు. తక్కినవి ఎవరు నేస్తారు?"

"అందం కోసం పెట్టించానండీ."

తిప్పన కిటికీలోంచి తొంగిచూశాడు. పెరట్లో ఒక మేకల మంద నిలబడి ఉంది. ఒక్కటీ మేయడం లేదు. అన్నీ ఇటే చూస్తున్నాయి.

"ఆ మేకలు?"

"పాల కోసం. అంబలిలో కలుపుకుంటారని."

"సగానికి సగం పోతుమేకలే కదయ్యా! అవి కూడా పాలిస్తాయా?"

"ఈ కొండ గాలి మంచిదండీ" అన్నాడు వజ్రదంతుడు. తడుముకోలేదు మహానుభావుడు!

ఎండ నడినెత్తికి వచ్చింది. మేఘగిరి మీద ఒక ఆచారం ఉంది. పొద్దు నడిమికి రాగానే శంఖం ఊదుతారు. అది వినబడగానే చేతిలో పని చేతిలో వదిలేసి, పనివాళ్ళంతా అంబలి గంగాళం ముందు వరుస కట్టాలి. ముసలివాళ్ళు ముందు, కడుపుతో ఉన్నవాళ్ళు వాళ్ళ వెనక, గట్టివాళ్ళు చివర. గంగాళం ఒకటే కాబట్టి నేతగాళ్ళు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు అది. ఎవరి వెనక ఎవరో మారదు. వరుస తప్పినవాడికి ఆ పూట అంబలి లేదు. వజ్రదంతుడు ఆ రోజు శంఖాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

అయితేనేం? తిప్పన పగటివేషగాడు. ఏనుగు ఘీంకారం నుంచి అత్తగారి దగ్గు దాకా నోటితో పలికిస్తాడు. రెండు అరచేతులు దొన్నెలా పట్టి "భోం..." అని ఊదాడు. కొండంతా మారుమోగింది.

ఇక చూడాలి తమాషా! పెరటి తడిక విరిగిపడింది. నలభై మేకలూ లోపలికి వచ్చాయి. గెంతలేదు, తోసుకోలేదు, గంగాళం ముందు వరుసగా నిలబడ్డాయి. కుంటి ముసలి మేకలు ముందు, చూడి మేకలు వాటి వెనక, కొమ్ములు తిరిగిన పోతులు చివర. ఒక పిల్లకొమ్ముల పోతు మధ్యలో దూరబోతే వెనకున్న ముసలి మేక దాన్ని ఒక్క పోటు పొడిచి చివరికి పంపింది. అంతకన్నా వింత ఏమిటంటే ఆ వరుసలో అక్కడక్కడా ఖాళీలున్నాయి. పన్నెండుమంది పనివాళ్ళూ లేచి, పూలదండలతో సహా, అలవాటుకొద్దీ వెళ్ళి ఎవరి ఖాళీలో వాళ్ళు నిలబడ్డారు. అంకాలమ్మ మూడోది, రెండు మేకల మధ్య.

"నలభై, పన్నెండు... యాభై రెండు" అన్నాడు తిప్పన. "మగ్గాలకు సరిగ్గా సరిపోయారు."

చివర్న నిలబడ్డ ఎర్రటి పోతుమేక ఒకటి వరుస వదిలి మెల్లగా వచ్చి బంట్రోతు మొహంలోకి చూసింది. చటుక్కున మీసం లాగి నమిలేసింది. తరువాత తల దించుకుని నిలబడింది. చెంగల్వ చేతిలో గొడుగు కింద పడింది. సంతకు పోయి ఆలస్యంగా ఇంటికొచ్చిన ప్రతిసారీ సూరన గుమ్మంలో సరిగ్గా అలాగే నిలబడేవాడు.

"ఓరి నా దేవుడో! ఏమయ్యా, ఇదేం రూపమయ్యా!" అని దాని మెడ కావిలించుకుంది.

"ఆడదా!" అని వజ్రదంతుడు అరిచాడు. నాడెతో తిప్పన పొట్టలో ఒక్క పోటు పొడిచాడు. దిండు చిరిగి దూది ఎగిరింది. "దొంగ తనిఖీదారు! వేషగాడు!"

"అయ్యో, ఆగు, ముద్ర..." అని తిప్పన దూదిలో చెయ్యి పెట్టి వెతుక్కునేలోగా మాంత్రికుడు పెదవులు కదిపి నాడెను అతని నెత్తికి తాకించాడు. మరుక్షణం అక్కడ తిప్పన లేడు. మెడలో హారాలతో ఒక నల్లమేక ఉంది. దాని కాళ్ళ దగ్గర, దూదిలోంచి, రాజముద్ర టింగుమని దొర్లింది.

వజ్రదంతుడి మొహంలో రంగు పోయింది. వాడు వంగేలోపే చెంగల్వ ముద్ర మీద పడింది. నాడె ఆమె నెత్తికి తగిలింది, భుజానికి తగిలింది, ముక్కుకీ తగిలింది. ఏమీ కాలేదు. ఆమె ఒక్క తుమ్ము తుమ్మింది.

"అయిందా?" అంది ముద్ర గుప్పిట బిగించి. "ఇప్పుడు తనిఖీ నాది. సూటిగా చెప్పు. వీళ్ళు మేకలా, పనివాళ్ళా?"

"మేకలు! కళ్ళు కనబడటం లేదా?"

"రాజుగారు నీకు రాసిచ్చిన పట్టాలో మబ్బులున్నాయి. మేకలున్నాయా?"

"లేవు, కాని..."

"పట్టా లేని మేకలు రాజుగారి మేకలు. తోలుకుపోతున్నాను."

"ఆగాగు! మేకలు కావు, నా పనివాళ్ళు!"

"అయితే యాభై రెండుమంది. పన్నెండు దాటారు. పోతామన్నవాణ్ణి పోనివ్వాలి." చెంగల్వ ముద్రను గుమ్మానికి ఆనించింది. ఇనుపతలుపులు బార్లా తెరుచుకున్నాయి.

వజ్రదంతుడు పళ్ళు నూరాడు. ఆ పళ్ళు నూరితే నిప్పురవ్వలు రాలతాయి. అంతలోనే వాడికి ఏదో గుర్తొచ్చి నవ్వు మొదలుపెట్టాడు.

"తోలుకుపో తల్లీ, తోలుకుపో! పొద్దు గుంకేలోగా ఈ నాడె మళ్ళీ తగలకపోతే వాళ్ళు జన్మంతా మేకలే. నువ్వే నీ మొగుడికి గడ్డి కోసిపెట్టుకో."

చెంగల్వ గెలిచాననుకుంది, ఎక్కడ గెలిచింది? గుమ్మంలో అలాగే చతికిలబడింది. ఆమెకు ఏడుపొచ్చింది. వాడి ముందు ఏడవకూడదని పమిట కాని పమిటగా తలపాగా కొస నోట్లో కుక్కుకుంది.

అప్పుడు అంకాలమ్మ పూలదండ తీసి అవతల పారేసి, వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"నాకు సిగ్గేమీ లేదు తల్లీ. ఒకటి చెబుతాను విను. మగ్గం మీదున్న మబ్బుదారానికి రోజులో ఒక్కసారైనా నేతగాడి చెయ్యి తగలాలి. తగలకపోతే పొద్దుగుంకే వేళకి నీరైపోతుంది. వీళ్ళను తెల్లవారగానే మేకల్ని చేశాడు. నలభై మగ్గాలు పొద్దున్నించీ ఖాళీ. ఏటా తనిఖీవాళ్ళు తిని పోగానే మళ్ళీ మనుషుల్ని చేసి నేయించుకునేవాడు. ఇవాళ నువ్వు పోలేదు."

చెంగల్వ నోట్లోంచి తలపాగా కొస తీసేసింది.

"అయితే నేను ఇక్కడే కూర్చుంటాను" అంది గట్టిగా. "మేకలు మేకలుగా ఉంటే నాకేం? పాలిస్తాయి."

"పోతుమేక పాలిస్తుందా?" అన్నాడు వజ్రదంతుడు.

"ఈ కొండ గాలి మంచిదటగా!"

తక్కిన పదకొండుమంది పనివాళ్ళూ లేచి వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. మేకలూ వచ్చి కాళ్ళు మడిచి కూర్చున్నాయి. నల్లమేక తిప్పన హారాలు సర్దుకోలేక ఒకదాన్ని తినేశాడు. శాలలో టప్‌మని ఒక చుక్క రాలింది.

మాంత్రికుడు పరుగెత్తి ఒక చెంబు పెట్టాడు. ఇంకోచోట టప్. అక్కడో బిందె పెట్టాడు. టప్ టప్ టప్. పది మగ్గాల కింద హంసలు కరిగి కారుతున్నాయి. వాడు గంగాళం ఈడ్చుకొచ్చాడు, తన కిరీటం తిరగేసి పెట్టాడు, చివరికి చెప్పులు కూడా పెట్టాడు. ముత్యాలదీవి రాణికి చీరలందకపోతే ఆవిడ తన సొరచేపల్ని పంపుతుందని వాడికి తెలుసు. చెంగల్వ గోళ్ళు గిల్లుకుంటూ ఆకాశం వైపు చూస్తోంది. పైకి అంత ధీమాగా ఉంది కాని, పొద్దు ఒక్కో జానెడు దిగుతుంటే ఆమె గుండె రెండేసి జానలు దిగుతోంది. ఎర్రమేక తల ఆమె ఒళ్ళోనే ఉంది.

పొద్దు కొండ మీదికి వాలేసరికి వజ్రదంతుడు మోకాళ్ళదాకా తడిసి వచ్చాడు.

"సరే! మనుషుల్ని చేస్తాను. మళ్ళీ మగ్గాలెక్కుతారా?"

"మధ్యాహ్నం విశ్రాంతి ఇస్తావా? నీడ వేయిస్తావా? పోతానన్నవాణ్ణి పోనిస్తావా?"

"ఇస్తాను! వేయిస్తాను! పోనిస్తాను!"

"అయితే ఇష్టమున్నవాళ్ళు ఎక్కుతారు. ముందు నాడె తియ్యి."

వజ్రదంతుడు మొదలుపెట్టాడు. ఒక్కో మేక నెత్తిన నాడె తాకిస్తూ మంత్రం చదువుతున్నాడు. గడ్డాలు పోయి మొహాలొచ్చాయి, గిట్టలు పోయి చేతులొచ్చాయి. లేచినవాళ్ళు లేచినట్టే ఒకళ్ళనొకళ్ళు తడుముకుని ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. ఆ ఆనందంలో ఎవరూ గమనించలేదు, వాడు మంత్రాన్ని సాగదీస్తున్నాడు. మొదటిది రెండు గుటకల్లో చదివినవాడు, ముప్పయ్యోదానికి మధ్యలో మూడుసార్లు దగ్గాడు. ఎర్రమేకనూ నల్లమేకనూ కావాలనే చివరికి ఉంచాడు. రాజుగారు పంపగా వచ్చి తన గుట్టు కళ్ళారా చూసిన తిప్పన మళ్ళీ మనిషై రాజుగారి ముందు నోరు విప్పడం వాడికి ఇష్టం లేదు.

ముప్పై తొమ్మిదోవాడు లేచాడు. పొద్దు గోరంత మిగిలింది.

"ఒక్క మంత్రానికే సమయముంది" అన్నాడు వజ్రదంతుడు తీరిగ్గా. "చెప్పు తల్లీ, ఎవరిని?"

చెంగల్వ నల్లమేక వైపు చూసింది. తనతో వాదులాడుతూ కొండెక్కిన మనిషి. తనకోసం కాక రాజుగారి పనిమీదే వచ్చినా, తనను తీసుకొచ్చిన మనిషి. ఎర్రమేక వైపు చూసింది. ఆలోచించే వ్యవధి లేదు. ఉన్నా ఆమె అదే మాట అనేది.

"నా మొగుణ్ణి" అంది.

నాడె తగిలింది. సూరన లేచాడు. పొద్దు గుంకింది. నల్లమేక ఒక్కసారి "మే" అంది, అంతే. తరువాత ఏమీ కానట్టు పక్కకు తిరిగి గడ్డి పరక కొరికింది. అది చూసేసరికి చెంగల్వకు ఆపుకోలేని ఏడుపొచ్చింది.

పనివాళ్ళకు సంగతి అర్థమైంది. మగ్గం వైపు నడుస్తున్న అంకాలమ్మ ఆగిపోయింది. "ఇలాంటివాడి నోటిమాట నమ్మి నేను నాడె పట్టుకోను" అంది. ఎవరూ పట్టుకోలేదు. నలభై మగ్గాల మీది చీరలూ ఒక్క పెట్టున నీరై, హంసలతో మెరుపులతో సహా గుమ్మంలోంచి ఏరులా పారాయి. ఆ ఏట్లో కూలబడ్డ మాంత్రికుణ్ణి చెంగల్వ జుట్టు పట్టి లేపింది.

"పొద్దు గుంకాక మార్చగలవాళ్ళు ఎవరు?"

"నా వల్ల కాదు! మా అక్క కంకాళి ఒక్కతే మార్చగలదు. ఉప్పుకోటలో ఉంటుంది. ఉత్తరంగా మూడు రోజుల దారి, రాజ్యం పొలిమేర లోపలే. కాని అక్కడికి వెళ్ళకండి. నా దగ్గర యాభై రెండుమందే. ఆవిడ దగ్గర పన్నెండువేలమంది, ఒక్కడికీ సొంత రూపం లేదు."

తెల్లవారింది. వజ్రదంతుణ్ణి మగ్గం తాళ్ళతో కట్టి, రాజుగారికి అప్పగించడానికి పనివాళ్ళు కొండ దిగారు. సూరన గుమ్మంలో నిలబడి లోయలోకి చూశాడు. నెమలిపల్లె పొయ్యిల పొగ కనిపిస్తోంది.

"ఒసే చెంగల్వా, ఇంటికి పోదామే. ఆర్నెల్లయింది."

"నేను నిన్ను కోరుకున్నాను. ఆయన్ని వదిలేశాను" అంది చెంగల్వ. "తప్పని అనను. మళ్ళీ అడిగినా నిన్నే అంటాను. కాని ఈయన్ని ఇక్కడ వదిలి నీతో మన ఇంట్లో అన్నం తినలేనయ్యా. నాకు దిగదు."

సూరన ఇంకోసారి పొగ వైపు చూశాడు. నల్లమేక మెడలో మిగిలిన హారాలు చిక్కుపడి ఉంటే వంగి విడదీశాడు. తలగుడ్డ బిగించి ఉత్తరపు దారిలో ముందు నడిచాడు.

దారిలో ముళ్ళపందుల కనుమ దాటారు, బుసకొట్టే బురదలో నడుములదాకా దిగి లేచారు, ఇసుకగాలిలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడిచారు. మూడో రోజు పొద్దెక్కేసరికి ఉప్పుకోట కనబడింది. గోడలన్నీ తెల్లగా, బురుజులన్నీ అద్దాల్లా, ఎండకు కళ్ళు చెదిరిపోతున్నాయి. గోడల వెనక నుంచి వేలమంది ఒకేసారి రోకళ్ళు వేస్తున్న చప్పుడు. గుమ్మంలో రెండు తలల కాపలావాడు తాళాలగుత్తి తిప్పుతూ కూర్చున్నాడు.

"పనికొచ్చారా?" అంది ఒక తల.

"పనికే" అన్నాడు సూరన.

"లోపలికెళితే మళ్ళీ బయటికి రావడం ఉండదు. తెలిసే వచ్చారా?" అంది రెండో తల.

చెంగల్వ తలపాగా కొసలో ముడివేసిన రాజముద్రను గట్టిగా పట్టుకుంది. "తెలుసు."

కాపలావాడు నాలుగు కళ్ళతో వాళ్ళిద్దరినీ, మేకనూ ఎగాదిగా చూసి చిట్టా తెరిచాడు.

"ఎంతమంది?"

"ముగ్గురం" అంది చెంగల్వ.